కీళ్ళ నొప్పులు, పడని మందులు - డాక్టరు నిర్ణయంలో మన వంతు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికమీద ఎప్పుడూ మమ్మల్ని చదువు గురించే మాట్లాడమనేవారు. ఈసారి కార్యదర్శిగారు "మాస్టారూ, ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మేము డాక్టర్లము కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవారము. అయినా ఒప్పుకున్నాము. కారణం ఉన్నది. మన సంఘం వైద్య సహాయ నిధికి వచ్చే దరఖాస్తుల్లో ఉర్దూలో రాసినవాటిని తెలుగులోకి మార్చి పెట్టే పని కొన్నేళ్ళుగా మాదే. వాటితోపాటు వచ్చే చీటీలు, రిపోర్టులు చూస్తూ ఉంటాము. తోడు లేనివారి వెంట ఆసుపత్రికి కూడా వెళ్ళి వస్తూ ఉంటాము. అక్కడ డాక్టర్లు ఓపికగా చెప్పినవి, మేము చదివి తెలుసుకున్నవి కలిపి ఈ నాలుగు మాటలు చెబుతున్నాము. ఇది మందుల చీటీ కాదని మాత్రం ముందే మనవి చేసుకుంటున్నాము.

ఆ దరఖాస్తుల్లో కీళ్ళ నొప్పులవి చాలా వస్తాయి. ఒక్కొక్కరి సంచిలో శేరు బరువు కాగితాలు. ఒకే రక్తపరీక్ష నాలుగు చోట్ల నాలుగుసార్లు చేయించినవి. అయితే నొప్పి ఎప్పుడు మొదలైంది, మొదట ఏ వేలికి వచ్చింది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా అని అడిగితే ఇంటిల్లిపాదీ ముఖముఖాలు చూసుకుంటారు. కాగితాలు ఎక్కువ, మాట తక్కువ. ఈ రోజు మేము చెప్పదలచుకున్నది ఇదే: ఈ తరహా జబ్బుల్లో డాక్టరు నిర్ణయానికి సగం సామాను మన నోటిలోనే ఉన్నది. దాన్ని మనం ఇంట్లో పెట్టి, కాగితాలు మాత్రం తీసుకుపోతున్నాము.

ఉర్దూలో రోగ నిర్ధారణను 'తష్ఖీస్' అంటాము. ఆ మాట 'షఖ్స్' నుండి వచ్చింది. షఖ్స్ అంటే మనిషి, వ్యక్తి. మనిషిని గుర్తుపట్టకుండా రోగాన్ని గుర్తుపట్టలేరని ఆ మాటలోనే ఉన్నది.

ముందుగా ఈ జబ్బుల సంగతి కొంచెం. మన ఒంట్లో రోగనిరోధక శక్తి అనే కాపలా ఉన్నది. బయటినుండి వచ్చే క్రిములను పట్టుకోవడం దాని పని. ఒక్కోసారి ఆ కాపలావాడు పొరపడతాడు. పుప్పొడి, వేరుశెనగ, మందుబిళ్ళ వంటి హాని చేయనివాటిమీద విరుచుకుపడితే దానిని ఎలర్జీ అంటారు. ఈ మాటను 1906లో వియన్నా నగరపు పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పుట్టించాడు. కాపలావాడు ఇంటివాళ్ళనే కొట్టడం మొదలుపెడితే, అంటే మన కీళ్ళను, చర్మాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తే, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, లూపస్ వంటి జబ్బులు వస్తాయి. మనం అన్నింటినీ కలిపి 'కీళ్ళవాతం' అనో 'గఠియా' అనో ఒక్క మాటతో సరిపెడతాము. ఆ ఒక్క మాట కింద డాక్టర్లు వందకు పైగా జబ్బులను విడదీసి చూస్తారు. దేని మందు దానిదే.

మరి ఎట్లా విడదీస్తారు? ప్రశ్నలు వేసి.

పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకొని ఉంటాయా? ఎంతసేపు? అరగంట లోపల వదిలితే అరుగుదల కావచ్చు. గంట దాటినా వదలకపోతే అది వాపు జబ్బు లక్షణం. పని చేస్తే నొప్పి పెరుగుతుందా, తగ్గుతుందా? అరుగుదల నొప్పి పనితో పెరుగుతుంది. వాపు జబ్బు నొప్పి విశ్రాంతిలో బిగిసి, కదిలిస్తే కొంత సడలుతుంది. ఏ కీళ్ళు? వేళ్ళ మొదళ్ళు, నడిమి కణుపులు, మణికట్లు రెండు చేతులకూ వాస్తే రుమటాయిడ్ వైపు అనుమానం పోతుంది. గోటి దగ్గరి కణుపు, మోకాలు అయితే చాలాసార్లు అరుగుదల. వాపు ఆరు వారాలు దాటిందా? దాటకపోతే, ఏదో జ్వరం వెంట వచ్చి పోయేది కావచ్చు. 2006లో చికున్‌గున్యా మన ఊళ్ళను ఊపేసినప్పుడు నెలల తరబడి వేళ్ళు ముడవలేకపోయినవారు ఇక్కడ ఎంతమంది లేరు! అందుకే "ఈ మధ్య జ్వరం వచ్చిందా?" అని అడుగుతారు.

"మీది ఏ ఊరు? ఏ నీళ్ళు తాగారు?" అని కూడా అడుగుతారు. మనకు అది కుశల ప్రశ్నలాగా ఉంటుంది. కాదు. నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోయే జబ్బు మన దేశంలో మొదట బయటపడింది అప్పటి నెల్లూరు జిల్లాలో, 1937లో. నల్లగొండ సంగతి అందరికీ తెలిసిందే. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన మనిషి నడుము వంగకపోతే డాక్టరు ఆలోచన ఒక దారిన పోతుంది. గోదావరి ఒడ్డున పెరిగిన మనిషైతే మరొక దారిన పోతుంది.

ఇక పరీక్షల మాట. అమ్మలారా, మీలో చాలామంది 'ఆర్.ఎ. ఫ్యాక్టర్' అనే పరీక్ష చేయించుకొని ఉంటారు. 1940లో నార్వే దేశపు వాలర్, 1948లో అమెరికాలో రోజ్ ఈ పరీక్షకు పునాది వేశారు. మంచి పరీక్షే. కాని దాన్ని చదవడం తెలియాలి. మేము పంతుళ్ళము కనుక నల్లబల్లమీద లెక్కలాగా చెబుతాము.

వెయ్యిమంది పెద్దవాళ్ళను వరుసగా నిలబెట్టామనుకోండి. అందులో రుమటాయిడ్ జబ్బు ఉన్నవారు సుమారు 8 మంది. జబ్బున్న నలుగురిలో ముగ్గురికి ఈ పరీక్ష పాజిటివ్ వస్తుంది, అంటే 6గురికి. మిగిలిన 992 మందికీ జబ్బు లేదు. అయినా ఏ జబ్బూ లేనివారిలో నూటికి 5గురికి కూడా ఇది పాజిటివ్ వస్తుంది. వయసు మళ్ళినవారిలో, క్షయ ఉన్నవారిలో, కొన్ని రకాల కామెర్లు ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. నూటికి 5 చొప్పునే వేసుకున్నా దాదాపు 50 మంది. మొత్తం పాజిటివ్ 56 మంది. అందులో నిజంగా జబ్బున్నవారు 6గురే. మిగిలిన 50 మంది ఒట్టి కాగితం చూసి ఏడుస్తారు.

ఇప్పుడు లెక్క మార్చుదాం. చేతివేళ్ళు వాచి ఆరు వారాలు దాటినవారిని, పొద్దున గంటసేపు పిడికిలి ముడవలేనివారిని మాత్రమే 100 మందిని తీసుకుందాం. వీరిలో సగం మందికి ఈ జబ్బు ఉన్నదనుకుందాం. ఆ 50 మందిలో 38 మందికి పాజిటివ్. తక్కిన 50 మందిలో ఇద్దరికో ముగ్గురికో పాజిటివ్. ఇప్పుడు పాజిటివ్ కాగితానికి విలువ వచ్చింది. అయితే ఇంకొకటి కూడా చూడండి: నెగటివ్ వచ్చినవారిలో కూడా 12 మందికి జబ్బు ఉన్నది! "రిపోర్టులో ఏమీ లేదన్నారు, ఊరికే నొప్పి" అని వాళ్ళను ఇంటికి పంపితే నష్టపోయేది వారే.

అదే పరీక్ష, అదే రక్తం సీసా, అదే లాబొరేటరీ. మారిందల్లా పరీక్షకు ముందు మనిషి చెప్పిన సంగతి. మార్కుల కాగితం చూసి ఏ పంతులూ పిల్లవాణ్ణి పూర్తిగా అంచనా కట్టడు. జ్వరంతో పరీక్ష రాశాడా, లైటు లేని ఇంట్లో చదివాడా అని తెలిసినవాడే ఆ మార్కులకు అర్థం చెప్పగలడు. డాక్టరు పని కూడా అటువంటిదే. ఇప్పుడు యాంటీ సి.సి.పి. అనే మరింత గట్టి పరీక్ష వచ్చింది. అదీ సాక్షే, తీర్పరి కాదు.

జబ్బు తేలిన తరువాత రెండవ నిర్ణయం, మందు. ఇక్కడ కాలమే పెద్ద సంగతి. వాపు నెలల తరబడి ఉండిపోతే కీలులోని మృదులాస్థిని, ఎముకను తినేస్తుంది. తిన్నది తిరిగి రాదు. అందుకే మొదటి కొద్ది నెలల్లోనే జబ్బును అణిచే మందు మొదలుపెట్టాలంటారు. మొదలుపెట్టి ఊరుకోరు. ఒకటి నుండి మూడు నెలలకొకసారి చూసి, మూడు నెలల్లో మెరుగు లేకపోతే, ఆరు నెలల్లో అనుకున్న స్థితికి రాకపోతే మందు మార్చుతారు. "మందు మార్చాడంటే డాక్టరుకు తెలియదు కాబోలు" అని మనవాళ్ళు వేరే చోటికి పోతారు. మార్చడం ఈ వైద్యంలో భాగమే.

మన మొదటి మూడు నెలలు ఎక్కడ పోతున్నాయి? ఊరూపేరూ లేని పొడి పొట్లాల దగ్గర. మూడు రోజుల్లో నొప్పి మాయం, ఆకలి బాగా, ముఖం నిండుగా! అటువంటి పొట్లాల్లో స్టెరాయిడు కలిపి ఉన్న సందర్భాలు పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడ్డాయి. స్టెరాయిడు చెడ్డది అని మేము అనడం లేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ మొదటిసారి ఒక రోగికి కార్టిజోన్ ఇచ్చినప్పుడు, మంచం పట్టిన ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకు మరిద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. తరువాతే దాని రెండో ముఖం తెలిసింది: చక్కెర, రక్తపోటు, గుల్లబారే ఎముకలు, అంటుజబ్బులు. అందుకే తెలిసిన డాక్టరు తక్కువ మోతాదులో, తక్కువ కాలం, లెక్క రాసుకొని ఇస్తాడు. పొట్లంలో ఆ లెక్క ఉండదు. ఎక్కువకాలం తిని ఒక్కసారి మానితే ప్రాణానికే ముప్పు. కనుక పొట్లం తిన్నవారు సిగ్గుపడి దాచవద్దు. డాక్టరుతో ముందు చెప్పవలసింది అదే.

ఇప్పుడు ఈ జబ్బుకు మొదటి మందుగా ఎక్కువమందికి ఇచ్చేది మెథోట్రెక్సేట్. దీని వెనుక మన తెలుగు బిడ్డ ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకుడు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసినదీ, దానికి ఎదురు పనిచేసే మందులను తయారుచేసినదీ ఆయన బృందమే. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. మొదట పిల్లల రక్త కేన్సరుకు ఈ కుటుంబపు మందులు వాడారు. సుబ్బారావుగారు 1948లోనే పోయారు. కీళ్ళ జబ్బుకు ఈ మందును అమెరికా ప్రభుత్వం ఆమోదించింది 1988లో. ఆ మందు ఎన్ని వంట ఇళ్ళలో ఎందరు తల్లుల చేతులు నిలబెడుతుందో ఆయన చూడలేదు.

అయితే జాగ్రత్త! దీన్ని కీళ్ళ జబ్బుకు వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. చదువురాని ఇంట్లో ఈ పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. ఏ వారం వేసుకోవాలో చీటీమీద ఆ వారం పేరు ఉర్దూలోనో తెలుగులోనో రాయించుకోండి. కేలండరులో ఆ రోజుకు గుర్తు పెట్టండి. వేరే రోజు ఫోలిక్ ఆమ్లం బిళ్ళ ఇస్తారు. నడుమ నడుమ రక్తం, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయిస్తారు. ఇవి డబ్బు గుంజడానికి కాదు; మందు కొనసాగించాలా, తగ్గించాలా అనే నిర్ణయానికి. ఇంకా ఖరీదైన 'బయొలాజిక్' ఇంజక్షన్లు పెట్టే ముందు క్షయ పరీక్ష తప్పక చేస్తారు. కాపలాను తగ్గించే మందు కనుక, లోపల నిద్రపోతున్న క్షయ లేచి కూర్చుంటుంది.

ఇంతవరకు శాస్త్రం. ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. ఇది చెప్పడానికే మేము ఇక్కడికి వచ్చాము.

ఈ రుమటాయిడ్ జబ్బు మగవారికంటే ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే డాక్టరు ముందు కూర్చొని చెప్పవలసింది ఎక్కువగా ఆడవారు. చెబుతున్నది ఎవరు? మేము వెంట వెళ్ళిన ఒక సందర్భం చెబుతాము. బీడీలు చుట్టే ఒక ఖాలా. వెంట కొడుకు. డాక్టరు "ఎక్కడమ్మా నొప్పి?" అని అడిగాడు. కొడుకు "మోకాళ్ళు సార్" అన్నాడు. "ఎన్నాళ్ళనుంచి?" "నెలనుంచి సార్." ఖాలా తల వంచుకొని కూర్చుంది. ఆ డాక్టరు మంచివాడు. కొడుకును మందుల షాపుకు పంపి, నర్సమ్మను పిలిచి కూర్చోబెట్టి, "రోజుకు ఎన్ని బీడీలు చుడతావమ్మా?" అని అడిగాడు. అప్పుడు ఖాలా నోరు విప్పింది. "వెయ్యి చుట్టేదాన్ని బాబూ. ఇప్పుడు నాలుగు వందలు కూడా కావు. పొద్దున కత్తెర పట్టి ఆకు కత్తిరించలేను. పది గంటలు దాటితే గాని వేళ్ళు మాట వినవు. పోయిన ఏడు వర్షాలనుంచి ఇంతే."

నెల కాదు, ఏడాది. మోకాళ్ళు కాదు, వేళ్ళు. కొడుకు అబద్ధం చెప్పలేదు. అమ్మ అతనికి చెప్పలేదు. మోకాలు నొప్పి అంటే ఇంట్లో ఎవరూ ఏమీ అనరు; వేళ్ళు పనిచేయడం లేదంటే కూలి తగ్గిందని లెక్క చెప్పాలి. అందుకని ఆమె మోకాలి నొప్పే చెబుతూ వచ్చింది. ఏ రక్తపరీక్షా ఆ వెయ్యికీ, ఆ నాలుగు వందలకూ సాటి రాదు.

రెండవది ఇంకా బరువైనది. మా బడిలో చదివి వెళ్ళిన ఒక అమ్మాయికి ఇరవై ఏళ్ళకే ఈ జబ్బు వచ్చింది. త్వరగా గుర్తించారు. మందు పనిచేసింది, వాపు పోయింది, కుట్టుమిషను కూడా తొక్కేది. ఇంతలో సంబంధం వచ్చింది. చూడడానికి వచ్చేవారికి మందుల డబ్బా కనబడకూడదని ఇంట్లోవాళ్ళు మందు మాన్పించారు. ఆర్నెల్లు. ఆ పెళ్ళి జరగలేదు, అది వేరే సంగతి. తిరిగి ఆసుపత్రికి వచ్చేసరికి కుడిచేతి రెండు వేళ్ళు వంకరపోయి ఉన్నాయి. మందు మళ్ళీ మొదలుపెట్టారు. వాపు మళ్ళీ తగ్గింది. ఆ రెండు వేళ్ళు మాత్రం తిన్నగా కాలేదు.

పెద్దలారా, ఆడపిల్ల తండ్రి భయం మాకు తెలుసు. మాకూ ఇల్లు ఉన్నది. కాని ఒక మాట ఆలోచించండి. మెథోట్రెక్సేట్ వాడుతూ గర్భం దాల్చకూడదు. బిడ్డకు అంగవైకల్యం రావచ్చు, గర్భం నిలవకపోవచ్చు. ఒకటి నుండి మూడు నెలల ముందే దాన్ని మాన్పించి, గర్భిణికి హాని చేయని హైడ్రాక్సీక్లోరోక్విన్ వంటి వేరే మందుకు మార్చుతారు. ఇది ప్లానుతో జరగవలసిన పని. పెళ్ళికొడుకుకు తెలియకుండా, అత్తగారికి తెలియకుండా, పెట్టె అడుగున మందు దాచుకొని వేసుకునే కోడలికి ఈ ప్లాను ఎవరు వేస్తారు? దాచి చేసిన పెళ్ళిలో దెబ్బ తగిలేది ఆమెకు, పుట్టబోయే బిడ్డకు. చెప్పి చేసిన పెళ్ళిలో మందు వాడుకుంటూ పిల్లల్ని కని పెంచుకుంటున్నవారు ఉన్నారు. మగపిల్లల తల్లిదండ్రులకు కూడా మా విన్నపం: నిజం చెప్పిన ఇంటిని వెనక్కి తిప్పి పంపవద్దు. మీరు తిప్పి పంపినంతకాలం ఎవరూ నిజం చెప్పరు.

పిల్లల సంగతి ఒకటి. 5 నుండి 15 ఏళ్ళ పిల్లలకు గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరం, ఒక కీలునుండి మరొక కీలుకు పాకే వాపు వస్తే దానిని రుమాటిక్ ఫీవర్ అంటారు. కీళ్ళు పూర్తిగా బాగవుతాయి; గుండె కవాటాలు చెడిపోవచ్చు. దీనికి ఒక్క పరీక్షతో తేల్చే దారి లేదు. 1944లో డాక్టరు డకెట్ జోన్స్ పెద్ద గుర్తులు, చిన్న గుర్తులు అని విడదీసి ఒక పద్ధతి ఏర్పరచాడు. మార్పులతో నేటికీ అదే వాడుతున్నారు. గొంతునొప్పి సంగతి తల్లి గుర్తుంచుకొని చెప్పాలి. నిర్ధారణ అయితే మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజక్షను. గుండెకు దెబ్బ లేకపోయినా కనీసం 5 సంవత్సరాలు లేదా 21 ఏళ్ళు నిండేవరకు, రెండింటిలో ఏది ఎక్కువైతే అంత. దెబ్బ ఉంటే ఇంకా ఎక్కువ.

ఇక్కడే ఎలర్జీ మాట అడ్డు వస్తుంది. "వీడికి పెన్సిలిన్ పడదండీ" అంటారు. ఏమైంది అని అడిగితే "చిన్నప్పుడు వాంతి అయ్యింది" అంటారు, లేదా "ఏదో దద్దురు" అంటారు. వాంతి ఎలర్జీ కాదు. జ్వరంతో వచ్చిన దద్దురు జ్వరానిదే కావచ్చు. 'పెన్సిలిన్ పడదు' అని ముద్ర పడినవారిని సరిగా పరీక్షించి చూస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పడుతున్నదని తేలింది. ఆ ముద్ర వలన మంచి మందు, చవక మందు జీవితాంతం దూరమవుతుంది. అట్లాగని నిజమైన ఎలర్జీని తేలికగా తీసుకోవద్దు. కనుక నాలుగు సంగతులు రాసి పెట్టుకోండి: ఏ మందు, వేసుకున్న ఎంతసేపటికి, ఏమి కనిపించింది, దానికి ఏమి చికిత్స చేశారు. ముద్ర ఉంచాలో తీసివేయాలో డాక్టరు వీటిని బట్టే నిర్ణయిస్తాడు. ఇంట్లో మీరు ప్రయోగం చేయవద్దు.

తిండి ఎలర్జీ పరీక్షలదీ ఇదే వరస. చర్మంమీద చుక్క వేసి గుచ్చి 15, 20 నిమిషాల్లో చూసే పరీక్ష ఉన్నది; రక్తపరీక్షా ఉన్నది. పాజిటివ్ అంటే ఒళ్ళు ఆ పదార్థాన్ని గుర్తుపెట్టుకున్నదని మాత్రమే. తింటే జబ్బు చేస్తుందని కాదు. రోజూ గుడ్డు తిని హాయిగా ఆడుకునే పిల్లవాడికి కాగితం చూసి గుడ్డు మాన్పించకండి. పాలు, గుడ్డు, గోధుమ, పప్పు అన్నీ 'పర్హేజ్' పెట్టి పిల్లవాణ్ణి ఎముకల గూడు చేయడం వైద్యం కాదు.

అన్నిటికీ మినహాయింపు ఒకటి ఉన్నది. కందిరీగ కుట్టిన తరువాతగాని, ఇంజక్షను పొడిచిన తరువాతగాని, ఏదైనా తిన్న తరువాతగాని, నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడకపోయినా, గొంతు బిగుసుకుపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా అది అనాఫిలాక్సిస్. అప్పుడు ఏ పరీక్షా అక్కరలేదు, ఏ కథా అక్కరలేదు. మొదటి మందు ఎడ్రినలిన్, తొడ బయటివైపు కండకు. దద్దుర్ల బిళ్ళ వేసి చూద్దాం అని కూర్చోకూడదు. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచి దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఊపిరి ఆడక ఆయాసపడుతుంటే కూర్చోబెట్టవచ్చు. తగ్గినట్లు కనబడినా కొన్ని గంటలు అక్కడే ఉంచాలి; మళ్ళీ తిరగబెట్టవచ్చు.

రంజాను నెల గురించి ఒక మాట. నెలంతా ఉపవాసం ఉండేవారు స్టెరాయిడు బిళ్ళలను తామంతట తాము మానుకోవడం మేము చూశాము. నెలవంకకు మూడు నాలుగు వారాల ముందే డాక్టరును కలవండి. చాలా మందుల వేళలను సహ్రీకి, ఇఫ్తారుకు సర్దవచ్చు. ఎవరికి సర్దకూడదో కూడా ఆయనే చెబుతాడు.

చివరగా మన సంఘం చేయగల మూడు పనులు సభ్యుల ముందు పెడుతున్నాము.

ఒకటి: వైద్య సహాయం కోరే ప్రతి ఇంటికీ ఒక నలభై పేజీల నోటుపుస్తకం ఇద్దాం. జబ్బు ఎప్పుడు మొదలైంది, పొద్దున బిగుపు ఎంతసేపు, ఏ మందు ఏ తేదీన మొదలు, ఏది మానారు, ఏది పడలేదు, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా - అన్నీ అందులో. రాయడం రానివారికి మా పదవ తరగతి పిల్లలు ఆదివారాలు వచ్చి ఉర్దూలో రాసి, ఎదుటి పేజీలో తెలుగులో రాసి పెడతారు. ఆ బాధ్యత మాది.

రెండు: ఆడవారి వెంట ఆసుపత్రికి ఒక ఆడమనిషి వెళ్ళే ఏర్పాటు. చదువుకున్న మన అమ్మాయిలు నలుగురు ముందుకు వస్తే చాలు. ఖాలా మాట ఖాలా చెప్పుకునేట్లు చూడడం వారి పని; వీరు ఆమె బదులు చెప్పడం కాదు.

మూడు: ఈ జబ్బులకు ప్రత్యేక డాక్టర్లు, రుమటాలజిస్టులు, ఉన్నారని తెలియజేయడం. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగమే ఉన్నది. ఒకే రక్తపరీక్ష నాలుగుసార్లు చేయించిన డబ్బుతో ఒకసారి అక్కడికి వెళ్ళి రావచ్చు. ఆ దారి ఖర్చు లేనివారికి మన నిధినుండి ఇవ్వాలని మా ప్రతిపాదన.

డాక్టరు చదువు గొప్పది, లాబొరేటరీ యంత్రం గొప్పది. వాటికి తెలియని సంగతి ఒకటి మీ దగ్గర ఉన్నది: మీ ఒళ్ళు మీకు ఏమి చెబుతున్నదో అది. ఈసారి వెళ్ళినప్పుడు దాన్ని వెంట తీసుకువెళ్ళండి.